డయాలసిస్ పడిన ఇంటికి: శ్రీకాకుళంలో ఉచిత వైద్యం, పింఛను ఎలా పొందాలి

“ఇక డయాలసిస్ తప్పదు” అని డాక్టరు చెప్పిన రోజున ఇంట్లో ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడవు. మా పెద్ద మామయ్యకు ఆ మాట చెప్పినప్పుడు మేము నలుగురం ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఎకరం జీడితోట అమ్మితే ఎన్నాళ్లు నెట్టుకురావచ్చో లెక్కలు వేసుకున్నాం. తోట అమ్మనక్కర్లేదని తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి. ఈలోపు వారానికి రెండుసార్లు డబ్బు కట్టి చేయించాం. చేబదుళ్లు తెచ్చాం. అత్తయ్య పుస్తెలతాడు తాకట్టుకు వెళ్లింది. ఆ ఖర్చులో చాలా భాగం అసలు పెట్టాల్సిన అవసరమే లేనిది.

ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు, ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. షుగరు లేని వాళ్లకు, బీపీ లేని వాళ్లకు, రోజంతా పొలంలో కష్టపడే వాళ్లకు కూడా కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. కారణం తేలేదాకా వైద్యం ఆగకూడదు, దాని కోసం ఇల్లు గుల్ల కాకూడదు. ఈ రెండో దాని కోసమే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. ఉచిత డయాలసిస్ వేరు, పింఛను వేరు. డయాలసిస్ డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద జరుగుతుంది. నెలకు 10,000 రూపాయల పింఛను ఎన్టీఆర్ భరోసా కింద, గ్రామ సచివాలయం ద్వారా వస్తుంది. ఒకదానిలో పేరు ఎక్కినంత మాత్రాన రెండోది దానంతటదే రాదు. “ఆసుపత్రిలో అన్ని కాగితాలూ ఇచ్చేశాం కదా, పింఛను కూడా వాళ్లే రాస్తారు” అనుకుని మేము నాలుగు నెలలు కోల్పోయాం. రెండు పనులూ ఒకే వారంలో మొదలుపెట్టండి.

మొదటి పని: పేరు ఒకటేనా చూడండి

ఇది చాలా చిన్న పనిలా కనబడుతుంది. మా ఇంట్లో ఎక్కువ రోజులు తిప్పింది ఇదే. మామయ్య ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, రేషన్ కార్డులో పొడి అక్షరం ఉంది, ఆసుపత్రి కేస్‌షీట్‌లో ఇంటిపేరే లేదు. వయసులో కూడా మూడేళ్ల తేడా ఉంది. ముగ్గురూ ఒకే మనిషి అని చెప్పడానికి ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి ఆరుసార్లు తిరిగాం. అప్పటికే ఆయనకు ఆయాసంతో నాలుగు మెట్లు ఎక్కడం కూడా కష్టంగా ఉండేది.

కాబట్టి ఆధార్, రేషన్ కార్డు, వైద్యసేవ కార్డు పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిచూడండి. తేడా ఉంటే ఆధార్ కేంద్రంలో గాని సచివాలయంలో గాని ముందు అది దిద్దించండి. ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసేటప్పుడు ఆధార్ చూపించి, “దీంట్లో ఉన్నట్టే రాయండి బాబూ” అని అడగండి. డిశ్చార్జి కాగితం చేతికొచ్చాక అక్కడే నిలబడి చదవండి. తప్పుంటే ఆ రోజే మార్పించుకోవడం తేలిక, తర్వాత మార్పించాలంటే ఒక రోజు కూలి పోతుంది.

ఆధార్‌కు ఫోన్ నంబరు కలిసి ఉందో లేదో కూడా చూసుకోండి. ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి. కొడుకు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనికి వెళ్లి, ఆ నంబరు అతని దగ్గర ఉంటే ప్రతిసారీ అతనికి ఫోన్ చేసి టెన్షన్ పడాలి.

రెండో పని: వైద్యమిత్రను కలవండి

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఈ వైద్యసేవ. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది, 2024 నుంచి మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. మన ఊళ్లలో ఇప్పటికీ అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు, ఆసుపత్రిలో అలా అడిగినా అర్థమవుతుంది. పాత పేరుతో కార్డు ఉందని కంగారు పడకండి. ఏడాదికి కుటుంబానికి ఇచ్చే పరిమితిని 2023 డిసెంబర్‌లో 25 లక్షల రూపాయలకు పెంచారు. డయాలసిస్ ఏళ్ల తరబడి సాగేది కాబట్టి, మధ్యలో డబ్బు అయిపోతుందేమో అన్న భయం ఇంట్లో పెద్దవాళ్లకు ఉంటుంది. వాళ్లకు ఈ మాట చెప్పండి.

ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, పథకంలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలోనైనా హెల్ప్‌డెస్క్ దగ్గర ఈ పథకం పని చూసే వైద్యమిత్ర ఉంటారు. డాక్టరును కలిసే ముందే వారిని కలవండి. తీసుకెళ్లాల్సినవి ఆధార్, రేషన్ కార్డు, వైద్యసేవ కార్డు ఉంటే అది, క్రియాటినిన్ రిపోర్టులు, స్కానింగ్, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షల ఫలితాలు. ఈ చివరి మూడు పరీక్షలు లేకుండా ఏ సెంటర్ వాళ్లూ మెషిన్ మీదకు ఎక్కించరు. కార్డు పోయిందని ఇంటికి తిరిగి వెళ్లకండి, ఆధార్‌తో పేరు వెతకమని అడగండి.

ఆన్‌లైన్ అనుమతి వచ్చాక డయాలసిస్‌కు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. అయినా రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్, ఐరన్ ఇంజెక్షన్, నెలనెలా చేసే రక్తపరీక్షలు ప్యాకేజీలో వస్తాయా, బయట కొనుక్కోవాలా అనేది మొదటి రోజే అడిగి తెలుసుకోండి. బయట కొనాల్సి వస్తే జన్ ఔషధి దుకాణంలో ధర అడిగాకే వేరే చోటికి వెళ్లండి. ఎవరైనా అక్రమంగా డబ్బు అడిగితే రసీదు ఇవ్వమనండి. రసీదు ఇచ్చినా ఇవ్వకపోయినా వైద్యసేవ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేసి చెప్పండి. ఫిర్యాదు చేస్తే మంచం ఇవ్వరేమోనని మామయ్య భయపడేవాడు. చాలామందికి ఉండే భయం అది. అలాంటప్పుడు రోగి పేరుతో కాకుండా ఇంట్లో వేరే వాళ్లు మాట్లాడితే మంచిది.

ప్రభుత్వ ఉద్యోగులకు, రిటైరైన వారికి ఈహెచ్‌ఎస్ అనే వేరే ఆరోగ్య పథకం ఉంది. జీతంలో ఈఎస్ఐ కోత పడేవారు ఈఎస్ఐ డిస్పెన్సరీ నుంచి రిఫరల్ తీసుకోవాలి. వాళ్ల దారి వేరు.

ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ఒక మాట. మనకు బరంపురం దగ్గర, అలవాటు కూడా. కాని అది ఒడిశా, వేరే రాష్ట్రం. అక్కడి ఆసుపత్రిలో చేరే ముందు మన వైద్యసేవ చెల్లుతుందో లేదో 104లో అడగండి. చేరాక అడిగితే బిల్లు మన మీదే పడుతుంది.

మూడో పని: సెంటర్ ఎంచుకోవడం

వారానికి రెండు, మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. పోను రాను ప్రయాణం కలిపితే ఆ రోజంతా దానికే పోతుంది. అందుకే పేరున్న ఆసుపత్రి కన్నా దగ్గరున్న సెంటర్ మేలు. డయాలసిస్ అయ్యాక ఒళ్లు దిగజారిపోయి, బీపీ పడిపోయి, ఆటోలో కూర్చోలేక పడుకుని వచ్చే మనిషిని చూస్తే మీకే తెలుస్తుంది.

శ్రీకాకుళం రిమ్స్‌లో (జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి), టెక్కలిలో, పలాసలో, సోంపేటలో, కవిటిలో, హరిపురంలో ప్రభుత్వ డయాలసిస్ సేవ ఉంది. పలాసలో 2023 డిసెంబర్ 14న ప్రారంభమైన కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉన్నాయి. మీకు దగ్గరి సెంటర్‌లో ఖాళీ లేదంటే వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి, ఆ మధ్యలో ఇంకో చోట చేయించుకోండి. ఖాళీ వచ్చాక మారవచ్చు. మారేటప్పుడు పాత సెంటర్ నుంచి డయాలసిస్ వివరాల కాగితం తప్పనిసరిగా తీసుకోండి: ఎప్పుడు మొదలైంది, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) ఎంత, ఏ వైపు ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసే దారి), చివరి పరీక్షలు ఏమిటి.

ప్రైవేటు ఆసుపత్రిలో చేయించుకునేవారు కూడా దగ్గరి ప్రభుత్వ సెంటర్‌లో ముఖ పరిచయం పెట్టుకోండి. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు వైద్యసేవను నిలిపేసిన రోజులు ఉన్నాయి, 2025లో కూడా అలా జరిగింది. ఎవరిది న్యాయమో తేలేదాకా రక్తంలో పేరుకునే విషం ఆగదు.

నాలుగో పని: పింఛను

డయాలసిస్ చేయించుకునేవారికి ప్రభుత్వ సెంటర్‌లోనైనా ప్రైవేటులోనైనా నెలకు 10,000 రూపాయలు ఇస్తారు. ఊళ్లో దీన్ని “డీఎంహెచ్‌ఓ పింఛను” అంటారు. ఎందుకంటే అర్జీ సచివాలయంలో ఇచ్చినా, రోగం నిజమేనని తేల్చాల్సింది జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి కార్యాలయం.

ఇంకా డయాలసిస్ మొదలు కానివారికి కూడా ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. సీరం క్రియాటినిన్ 5 దాటినా, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 15 కన్నా తగ్గినా, కిడ్నీలు కుంచించుకుపోయినట్టు స్కానింగ్‌లో తేలినా పింఛను వర్తిస్తుంది. ఇది 5,000 ఉండేది, 2024 జూలై నుంచి 10,000 చేశారు. అందుకే “ఇంకా మందుల మీదే ఉన్నాం కదా” అని ఊరుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించి, తేదీలతో సహా రెండు మూడు రిపోర్టులు వరుసగా దాచండి. ఒక్క రిపోర్టు చూసి ఎవరూ నమ్మరు.

అర్జీతో పాటు ఆధార్, రేషన్ కార్డు, ఫొటో, రిపోర్టులు, సెంటర్ డాక్టరు సంతకం, స్టాంపు ఉన్న డయాలసిస్ సర్టిఫికెట్ జత చేయండి. సర్టిఫికెట్‌లో డయాలసిస్ మొదలైన తేదీ, వారానికి ఎన్నిసార్లు అనేవి స్పష్టంగా ఉండాలి. ప్రతి కాగితం మూడు జిరాక్సులు తీయించండి. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి, చూపించి వెనక్కి తీసుకోండి.

సచివాలయంలో “సైట్ ఓపెన్ కాలేదండీ” అనే మాట వినబడవచ్చు. అక్కడున్న ఉద్యోగి తప్పు కాదు, నిజంగానే కొత్త నమోదులు అన్ని రోజులూ తెరిచి ఉండవు. అలాగని వట్టి చేతులతో తిరిగి రావద్దు. అర్జీని తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం వేయించుకోండి. ఆ నకలు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. అక్కడ మీ అర్జీకి నంబరు ఇస్తారు. ప్రభుత్వ కాల్ సెంటర్ 1100కు ఫోన్ చేసి ఆ నంబరు చెబితే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. మా కాగితం కదిలింది ఈ నంబరు వచ్చాకే. అంతకుముందు మూడు నెలలు “పైకి పంపాం” అన్న మాటే విన్నాం.

మామయ్యకు అప్పటికే వృద్ధాప్య పింఛను వచ్చేది. ఒక మనిషికి రెండు పింఛన్లు రావు. పాతది డయాలసిస్ కేటగిరీకి మార్చాలి. “మీకు ఇప్పటికే వస్తోంది కదా” అని ఎవరైనా అంటే, 4,000కూ 10,000కూ తేడా ఉందని మర్యాదగా చెప్పి, కేటగిరీ మార్చమని అర్జీలో రాయండి. ఇంట్లో ఇంకొకరికి పింఛను ఉందని మిమ్మల్ని తోసిపుచ్చితే, డయాలసిస్ రోగికి ఆ నిబంధన ఎలా వర్తిస్తుందో చూపించమని, కాదంటే కారణం కాగితం మీద ఇవ్వమని అడగండి. నోటితో చెప్పిన “కాదు”తో ఆగిపోవద్దు.

జిల్లాలు విడిపోయిన సంగతి మరిచిపోకండి. 2022 ఏప్రిల్ 4 నుంచి పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. డయాలసిస్ రిమ్స్‌లో చేయించుకున్నా, రాజాం మనిషి పింఛను కాగితం వెళ్లాల్సింది విజయనగరానికే.

పింఛను మంజూరయ్యాక ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి ఇస్తారు. ఆ రోజు మీకు డయాలసిస్ ఉంటే ముందురోజే సచివాలయం ఉద్యోగికి ఫోన్ చేసి, ఏ వేళకు ఇంట్లో ఉంటారో చెప్పండి. ఆసుపత్రిలో చేరి ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోతే, మూడో నెలలో కలిపి ఇస్తారు. అంతకన్నా ఆలస్యం చేయకండి.

ఐదో పని: చెయ్యి కాపాడుకోవడం

ఇది ప్రభుత్వ పథకం కాదు, కాని దీన్ని వదిలేస్తే పథకాలన్నీ ఉన్నా లాభం లేదు. డయాలసిస్ కోసం మెడలో వేసే లైన్ (గొట్టం) తాత్కాలికం, దాని నుంచి ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఎక్కువ. చేతికి ఫిస్టులా వేయించుకోవాలి. ఆపరేషన్ చిన్నదే, కాని ఆ నరం గట్టిపడి సూదికి పనికిరావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కాబట్టి డాక్టరు “త్వరలో డయాలసిస్ అవసరం పడొచ్చు” అన్నప్పుడే ఫిస్టులా సంగతి, వైద్యసేవలో దాని అనుమతి సంగతి అడగండి.

ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడనివ్వద్దు. రక్తం తీయనివ్వద్దు, సెలైన్ పెట్టనివ్వద్దు. గాజులు, వాచీ, నీళ్ల బిందె ఆ చేతికి వద్దు. రోజూ పొద్దున్నే దాని మీద వేలు పెట్టి చూస్తే లోపల గుయ్యిమని అదురుతుంది. ఆ అదురు ఆగితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, రేపటిదాకా ఆగకూడదు.

ప్రయాణం

అత్యవసరానికి 108 వస్తుంది, కాని రోజువారీ డయాలసిస్‌కు వాహనం మనమే చూసుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బు తీసుకోరు. రోగి ఆడమనిషైనా, తోడు వెళ్లేది ఆడమనిషైనా ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది. ఆధార్ దగ్గర ఉండాలి.

డయాలసిస్ కోసం, కిడ్నీ మార్పిడి కోసం రైల్లో వెళ్లేవారికి, తోడుగా వెళ్లే ఒకరికి స్లీపర్, సెకండ్ క్లాస్, థర్డ్ ఏసీ టికెట్టులో 75 శాతం రాయితీ ఉంది. రైల్వే నమూనాలో ఆసుపత్రి సర్టిఫికెట్ తీసుకుని స్టేషన్ కౌంటర్‌లో చూపించాలి. పలాస నుంచో, ఆమదాలవలస దగ్గరి శ్రీకాకుళం రోడ్ నుంచో విశాఖపట్నం వెళ్లేవారికి ఇది బాగా ఉపయోగం.

తుఫాను రోజుల కోసం

మన తీరం సంగతి మనకు తెలుసు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు పడి దారులు మూసుకుపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు. డయాలసిస్ రోగికి రెండు రోజుల ఆలస్యం కూడా ప్రమాదమే. తుఫాను హెచ్చరిక రాగానే సెంటర్‌కు ఫోన్ చేసి మీ వంతు ఒకరోజు ముందుకు జరపమని అడగండి. ఆశా కార్యకర్తకు, సచివాలయానికి మీ ఇంట్లో డయాలసిస్ మనిషి ఉన్నారని ముందే రాయించి ఉంచండి.

దారి తెరిచేదాకా నీళ్లు, ఉప్పు బాగా తగ్గించాలి. ఎండుచేపలు, ఊరగాయ అసలు వద్దు. అన్నిటికన్నా ముఖ్యం కొబ్బరినీళ్లు. ఉద్దానంలో తుఫాను తర్వాత మంచినీళ్లు దొరక్కపోయినా నేల మీద రాలిన బొండాలు దొరుకుతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అవి అమృతమే. కిడ్నీ పనిచేయని మనిషికి అందులోని పొటాషియం గుండెను ఆపేయగలదు. అరటిపండూ అంతే. పరామర్శకు వచ్చినవాళ్లు ప్రేమగా బొండాం కొట్టి ఇస్తారు. ఇంట్లోవాళ్లే నొచ్చుకోకుండా చెప్పి ఆపాలి.

మార్పిడి సంగతి

కిడ్నీ మార్పిడికి వయసు, గుండె, ఇతర జబ్బులు చూసి డాక్టర్లే చెప్పాలి. తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్యాభర్తలు, తాతామామ్మలు, మనవలు చట్టప్రకారం దగ్గరి బంధువులు, వీళ్లు ఇవ్వవచ్చు. ఇచ్చేవారు లేకపోతే, మార్పిడి చేసే అనుమతి ఉన్న ఆసుపత్రి ద్వారా జీవన్‌దాన్‌లో (చనిపోయినవారి అవయవాలు వరుస ప్రకారం ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమం) పేరు నమోదు చేయించుకోండి. ఎదురుచూపు ఎక్కువ కాబట్టి, ఆలోచన ఉంటే ముందే నమోదు కావడం మంచిది. మార్పిడి జరిగినవారికి కూడా 10,000 రూపాయల పింఛను కేటగిరీ ఉంది. డయాలసిస్ ఆగింది కాబట్టి పింఛను పోతుందని భయపడి దాచకండి, కేటగిరీ మార్పించుకోండి.

వైద్యసేవలోకి రాని ఖర్చు ఏదైనా మీద పడితే, ఒరిజినల్ బిల్లులతో ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టవచ్చు.

ఇంట్లో ఒక ఫైలు

పది రూపాయల అట్ట ఫైలు కొనండి. ఒక నోటుపుస్తకంలో ప్రతి డయాలసిస్ రోజూ తేదీ, ఎక్కే ముందు బరువు, దిగాక బరువు, బీపీ, ఇచ్చిన ఇంజెక్షన్ రాయండి. చదువుకునే పిల్లలకు ఈ పని అప్పగిస్తే శ్రద్ధగా చేస్తారు. మా మామయ్యకు రాసింది తొమ్మిదో తరగతి చదివే మనవరాలే. పింఛను పరిశీలనకు వచ్చిన డాక్టరు ఆ పుస్తకం తిరగేసి చూసి, ఇంకో కాగితం అడగకుండా సంతకం పెట్టాడు.

ఫైలు అట్ట లోపలి వైపు పెద్ద అక్షరాలతో నంబర్లు రాసి ఉంచండి: 104, 108, 1100, డయాలసిస్ సెంటర్, వైద్యమిత్ర, ఆశా కార్యకర్త, రాత్రివేళ పిలిస్తే వచ్చే ఆటో. రోగి రక్తం గ్రూపు, ఫిస్టులా ఏ చేతికి ఉందో కూడా అక్కడే రాయండి. ఇంట్లో మీరు లేనప్పుడు పక్కింటివాళ్లు ఆ మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే, వాళ్ల చేతిలో ఉండేది ఆ ఫైలే.